మా అల్మారాలో ఆగిన తాళంచెవి

మా ఆయన పేరు విరూపాక్ష. జహీరాబాద్ చుట్టుపక్కల ఎక్కడ భూమి తగాదా వచ్చినా ముందు ఆయనకే ఫోన్ వస్తుంది. లైసెన్సు ఉన్న సర్వేయరు. జానెడు నేల తేడా వస్తే ఆయనకు అన్నం సహించదు. ఒకసారి ఝరాసంగం వైపు ఇద్దరు అన్నదమ్ముల పొలాల మధ్య గెట్టు కొలవడానికి పోయాడు. మధ్యాహ్నానికి వాళ్లిద్దరూ రాజీపడి, ఒకే బండెక్కి ఇంటికి పోయారు. ఈయన మాత్రం లెక్క కలవలేదని పొద్దుగూకేదాకా ఆ పొలంలోనే నిలబడ్డాడు. ఇలాంటి మనిషితో నేను ఇరవై ఆరేళ్లుగా కాపురం చేస్తున్నాను.

నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తాను. మా దగ్గర వచ్చిన ఉత్తరం వచ్చినట్టే బయటికి పోవాలి. చిరునామా సగం చెరిగిపోయినా, ఇంటిపేరు తప్పు పడినా, పోస్ట్‌మ్యాన్ చేతిలో పెట్టి పంపాల్సిందే. ఉత్తరాన్ని సొరుగులో పెట్టుకుని మంచి పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూస్తానంటే నా ఉద్యోగం ఉండదు. ఈ చిన్న సంగతి మా ఆయనకు ఎక్కించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల గురించే ఈ గోల.

పొలాలు కొలిచే జీపీఎస్ పుణ్యమా అని ఆరేళ్ల కిందట ఈయనకు ఒక ఆట పట్టుకుంది. దాని పేరు జియోక్యాచింగ్. దేశదేశాల్లో ఆడతారట. ఒకరు ఎక్కడో ఒక చిన్న డబ్బా దాచి, అది ఉన్న చోటు జీపీఎస్ అంకెలు ఫోన్లోని ఆట యాప్‌లో పెడతారు. ఇంకొకరు వెతికి పట్టుకుని, లోపలున్న నోట్‌బుక్కులో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే దాచిపెట్టి పోతారు. అంతే. నెత్తి మీద వెంట్రుకలు నెరిసిన మనుషులు ముళ్లకంపల్లో చేతులు పెట్టి వెతకడానికి అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. చిరాగ్‌పల్లి దగ్గర, బొంబాయి రోడ్డు పక్కనున్న పాత కల్వర్టు గోడ సందులో ఈయన కూడా ఒక డబ్బా దాచాడు.

ఆ డబ్బాల్లోకి అప్పుడప్పుడు బాటసారులు వస్తుంటాయి. ఆ పేరు నేను పెట్టింది. ఆయన ట్రాకబుల్ అంటాడు. నంబరు చెక్కిన ఒక బిళ్ల, దానికి కట్టిన ఒక వస్తువు. సొంతదారు ఎక్కడో ఇంట్లో కూర్చుంటాడు. దొరికినవాళ్లు ఆ వస్తువును తీసుకుపోయి ఇంకో డబ్బాలో వేస్తారు, వేసినట్టు ఫోన్లో రాస్తారు. తన వస్తువు ఏ ఊరు దాటిందో సొంతదారు చదువుకుంటాడు. దీనికి మర్యాదలున్నాయి. ముందుకు పంపగలిగితేనే తీసుకోవాలి, లేదంటే చూసి, చూశానని రాసి వదిలేయాలి. బదులుగా ఏమీ పెట్టనక్కర లేదు. సొంతదారు ఏ దారిన పొమ్మన్నాడో ఆ దారినే పోనివ్వాలి. నంబరు కనబడేలా ఫొటో తీసి ఊరంతా పంచకూడదు. రెండు వారాలకు మించి దగ్గర ఉంచుకోకూడదు. మా ఆయన వీటిని తెలుగులో టైపు చేయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి డబ్బాలో పెట్టాడు.

ఎవరు చదివారు? మొదట వచ్చిన బాటసారి గంట బొమ్మ ఉన్న బిళ్ల. వారం తిరక్కుండానే మాయమైంది. ఏడాది తర్వాత కోహీర్‌లో రామచందర్ అనే రైతు చేను కొలవడానికి పోతే, అది ఆ రైతు లేగదూడ మెడలో వేలాడుతోంది. పాపం, రామచందర్ మంచి మనిషే. వానకు కల్వర్టు కింద నిలబడ్డాడట, డబ్బా కనబడిందట, బిళ్ల ముద్దుగా ఉందని తీసుకున్నాడట. ఊరికే తీసుకుంటే బాగుండదని దాని బదులు రెండు జామకాయలు డబ్బాలో పెట్టి పోయాడట. ఆ జామకాయలు కుళ్లి, వాటికి పట్టిన చీమలు నోట్‌బుక్కు సగం తినేశాయి. లోకంలో మనుషులకు నియమం అంటే లెక్కలేదని మా ఆయన ఆ రోజు తేల్చుకున్నాడు.

కిందటి ఆషాఢంలో తాళంచెవి వచ్చింది. పాత లారీది, పట్టుకునే చోట అరిగి నున్నగా అయిపోయింది. దానికి నంబరు బిళ్ల, చిన్న కాగితం. అది మాణిక్ అనే డ్రైవరుది. వాళ్లది షోలాపూర్. ముప్పై ఒక్క ఏళ్లు పుణె నుంచి మచిలీపట్నం దాకా ఇదే రోడ్డు మీద లారీ నడిపాడు. షుగరు వచ్చి చూపు పోయింది. లారీని తుక్కుకు అమ్మేశారు, తాళంచెవి ఒక్కటి మిగిలింది. అది పుణెలో బయలుదేరి, రైలు ఎక్కకుండా, దారి తప్పకుండా, ఈ రోడ్డు మీదనే మచిలీపట్నం చేరాలని ఆయన కోరిక. అది ఎక్కడిదాకా వచ్చిందో ఆయన కూతురు ప్రియాంక చదివి వినిపిస్తుందని కాగితంలో రాసి ఉంది. షోలాపూర్, ఉమర్గా, హుమ్నాబాద్ అన్నీ మూడు నెలల్లో దాటి మా చిరాగ్‌పల్లికి వచ్చింది.

వచ్చి, మా ఇంట్లో ఆగిపోయింది.

డబ్బాలో ఉంటే మళ్లీ ఏ దూడ మెడకో ఎక్కుతుందని ఈయన దాన్ని ఇంటికి తెచ్చాడు. రెండు రోజులే అన్నాడు. తన దగ్గరే ఉందని, తన నంబరుతో సహా ఫోన్లో రాశాడు. ఆ రాయడం మాత్రం తప్పకుండా రాస్తాడు. దాన్ని పత్తిలో చుట్టి, అల్మారాలో నా పట్టుచీరల పక్కన పెట్టాడు. ఆ తర్వాత మొదలయ్యాయి మా ఇంట్లో ఇంటర్వ్యూలు.

హైదరాబాద్ నుంచి ఒక జంట బైకు మీద వచ్చింది. కల్వర్టు దగ్గర డబ్బా చూసి, తాళంచెవిని తీసుకుపోతామని ఫోన్ చేశారు. ఈయన ఇంటికి పిలిచాడు. నేను ఉప్మా చేసి పెట్టాను. అరగంట ప్రశ్నలేసి, వాళ్లు తిరిగిపోయేటప్పుడు వికారాబాద్ గుట్టలు చూసి పోతారని తెలుసుకుని, అది రోడ్డు తప్పినట్టేనని ఇవ్వలేదు. తాళంచెవి చూపించి, చూశామని రాసుకోండి అన్నాడు. మహిధర్ అని మందుల కంపెనీ కుర్రాడు వారానికి రెండుసార్లు సంగారెడ్డి పోతాడు. అతనికీ ఈ ఆట తెలుసు. కానీ ఎప్పుడో ఒకసారి నంబరు కనబడేలా ఫొటో పెట్టాడట. ఇవ్వలేదు. ఒక రిటైర్డ్ లెక్చరర్ సొంత కారులో విజయవాడ దాకా పోతున్నారు. అంతకంటే ఏం కావాలి? ఆవిడ మాటల మధ్య కళ్లజోడు ఎక్కడో మరచిపోయానన్నారట. మరచిపోయే మనిషికి ఇస్తామా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లిచూపులకు కూడా ఇన్ని వంకలు పెట్టరు.

దసరా పోయింది, దీపావళి పోయింది, శివరాత్రి కూడా పోయింది. నేను చీర తీసినప్పుడల్లా పత్తిలోంచి ఆ తాళంచెవి కనబడేది. ఎప్పుడు పంపుతారని నేను అడిగిన ప్రతిసారీ మంచి మనిషి దొరకాలి అనేవాడు. నేనూ నోరు మూసుకున్నాను. అది నా తప్పు.

ఒక ఆదివారం ఆయన పొలం కొలవడానికి పోతూ ఫోన్ మరచిపోయాడు. అవును, ఆయనే. అది మోగింది, నేను ఎత్తాను. షోలాపూర్ నుంచి ప్రియాంక. హిందీలో చాలా మర్యాదగా అడిగింది. తప్పు పట్టడం లేదని, కొత్తగా ఏమైనా రాశారా అని నాన్న రోజూ అడుగుతున్నాడని, ఏం చెప్పాలో తెలియక చేశానని అంది. ఇంతలో ఎవరో ఫోన్ అందుకున్నారు. రోడ్డు మీద నేర్చుకున్న తెలుగు.

“అక్కా, నేను మాణిక్‌ను. మీ జహీరాబాద్‌ల నా బండి ఎక్కువల ఎక్కువ ఆగింది మూడు దినాలు. చిరాగ్‌పల్లి కాడ యాక్సిల్ ఇరిగినప్పుడు. ఇప్పుడు ఎనిమిది నెలలాయె. తాళంచెవి పోయిందా ఏంది? పోతే పోయిందని చెప్పున్రి. నేనేం అనుకోను.”

నాకు సిగ్గేసింది. భద్రంగా ఉందని చెప్పాను. భద్రంగా ఉంటే ఎందుకు కదలడం లేదని ఆయన అడగలేదు. సరే అక్కా అని ఫోన్ పెట్టేశాడు. అడిగి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఈయన ఇంట్లో కాలు పెట్టగానే అందుకున్నాను. గుడ్డివాడు రోడ్డు కోసం చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంటే, మనం దాన్ని చీరల మధ్య కుక్కి పెట్టామని, ఆ దూడ మెడలో ఉన్నా కోహీర్ దాకా నడిచేదని అన్నాను. ఆయన తాపీగా కాళ్లు కడుక్కున్నాడు. ఎవరికి పడితే వాళ్లకిస్తే పోతుందని, పోతే బాధ్యత ఎవరిదని మొదలుపెట్టాడు. నేను పోయి, ఆయన టైపు చేయించిన కాగితానికి ఇంట్లో ఉన్న రెండో ప్రతి తెచ్చి ముందు పెట్టాను.

“ఆఖరి మాట చదువున్రి. రెండు వారాలని ఎవరు రాసిన్రు?”

“అది తీస్కపోయేటోళ్లకు రాసింది,” అన్నాడు.

“మరి మీరేం జేసిన్రు? తీస్కపోలేదా?”

ఆయన కాగితం అందుకుని, ఆ ఆఖరి మాట వేలితో వెతికి చదువుకున్నాడు.

మరుసటి శనివారం సెలవు పెట్టి, తాళంచెవి బ్యాగులో వేసుకుని బస్టాండుకు పోయాను. సంగారెడ్డి దాటాక ఒక నర్సరీ గోడలో వేరే ఎవరిదో డబ్బా ఉందని మహిధర్ చెప్పాడు. నేను ఆ ఆట ఎప్పుడూ ఆడలేదు, అయినా ఉత్తరం డబ్బాలో వేయడం నాకు చేతకాదా? బస్సు కదిలే ముందు ఈయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. టికెట్టు తానే తీసుకున్నాడు. సదాశివపేట దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. అక్కడ నేను షోలాపూర్‌కు ఫోన్ చేసి, తాళంచెవి కదిలిందని మాణిక్‌కు చెప్పాను. ఇప్పుడు ఎక్కడున్నారు, ఎడమ పక్క ఏం కనబడుతోంది అని ఆయన పిల్లాడిలా అడిగాడు. చెప్పలేక ఫోన్ ఈయన చేతిలో పెట్టాను. ఈయన ఎడమ పక్కేముందో చెప్పకుండా, ఇన్నాళ్లు ఎందుకు ఉంచుకున్నాడో సంజాయిషీ మొదలుపెట్టాడు. ఎవరైనా పోగొడతారని భయపడ్డానన్నాడు.

ఫోన్ స్పీకరులో ఉంది. బస్సు మోతలో కూడా మాణిక్ మాట నాకు వినబడింది.

“పోతే రోడ్డు మీద పోతది గద సార్. గది మంచిదే.”

నర్సరీ దగ్గర దిగాం, డబ్బా దొరికింది. తాళంచెవి వేస్తూ తన ఫోన్ నంబరు రాసిన చీటీ, పోగొట్టవద్దని ఇంకో చీటీ పెట్టబోయాడు. రెండూ లాక్కుని నా బ్యాగులో వేసుకున్నాను. మూత నేనే పెట్టాను.

మంగళవారం దాన్ని ఎవరో తీసుకున్నారు. నోట్‌బుక్కులో చదవడానికి వీల్లేని కోడిగీతల సంతకం ఉందని ఆ డబ్బా సొంతదారు తెలిపాడు. తీసుకున్నవాళ్లు ఫోన్లో ఒక్క ముక్క రాయలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పేరు లేదు, ఊరు లేదు. ఈయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే పోయేది. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు. పంపింది నేను. బంగారంలా దాచిన వస్తువును లాక్కుపోయి గోడ సందులో పడేసింది నేను. ఆ సంతకం చేసినవాళ్లకు తీసుకున్నామని రెండు ముక్కలు రాయడానికి ఏం రోగం? ఎవరో తెలిస్తే వాళ్లింటికి పోయి తిట్టేదాన్ని.

చివరికి ఇద్దరం కూర్చుని షోలాపూర్‌కు ఫోన్ చేశాం. ఈయనే చెప్పాడు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదని. మాణిక్ ఏ రోజు తీసుకున్నారని అడిగాడు. రెండు వారాల కిందటి మంగళవారం అని చెబితే, హైదరాబాద్‌లో మాల్ దింపడానికి రెండు రోజులు, టైర్ల పని ఒక రోజు, కొత్త లోడు దొరికేదాకా ఇంకొన్ని రోజులు అంటూ లెక్కలేశాడు. తాను బండి మీద పోయినప్పుడు ఫోన్లు లేవని, పదిహేను రోజులకు గానీ తిరిగి వచ్చేవాడు కాదని, తన భార్య ఇంట్లో రొట్టెలు చేసుకుంటూ ఈరోజు ఫలానా ఊర్లో ఉంటాడని పక్కింటివాళ్లకు చెప్పేదని అన్నాడు. ఆవిడ ఇప్పుడు లేదు.

“ఆమె ఏసిన లెక్క ఇప్పుడు నేనేస్త సార్. జర మీరు కూడ చెప్పున్రి. ఇయ్యాల ఎక్కడ ఉంటది?”

ఈయన ఫోన్ తెరిచి ఆటలో చూశాడు. అక్కడ కొత్తగా ఏమీ లేదు. నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

“నకిరేకల్ దాటి ఉంటది,” అన్నాడు.

“వాన ఉందా?”

“లేదు. ఎండనే ఉంది. రోడ్డు ఖాళీగ ఉంది.”

అయితే పొద్దుగూకే లోపల సూర్యాపేట అన్నాడు మాణిక్, నవ్వుతూ. రేపు ఇదే వేళకు చేస్తానని పెట్టేశాడు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు, కొంగుతో తుడుచుకుంటూ వంటింట్లోకి పోయాను. వెనక నుంచి ఈయన పిలిచాడు.

“ఇగో, రేపు మల్ల అడుగుతడు. సూర్యాపేట దాటినంక ఏమూరొస్తదో జర చూసి చెప్పు.”