కాయిల్ కుదరని కారు

పెళ్లి సంబంధాలకు వంకలు పెట్టే మేనత్తలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కారు ఇంజన్‌కు స్పార్క్ ఇచ్చే కాయిల్‌కు వంకలు పెట్టే మనిషి మాత్రం పాలమూరులో ఒక్క కురుమయ్యే. ఆఫీసు వేలంలో కొని, ట్రాక్టరుతో ఇంటికి లాగించి తెచ్చుకున్న పాత అంబాసిడర్ కోసం, రిటైరైన నాటి నుంచి ప్రతి ఆదివారం ముజఫ్ఫర్ స్పేర్ పార్టుల దుకాణానికి వస్తాడు. కాయిల్‌ను చెవి దగ్గర ఊపి లోపలి నూనె చప్పుడు వింటాడు, దస్తీతో తుడుస్తాడు, కళ్లు మూసుకుని బరువు చూస్తాడు. "స్పార్క్ మంచిగనే ఇస్తది గని, దీనికి నిదానం లేదు భాయ్," అని తిరిగిచ్చేస్తాడు. "నిదానం మీకున్నది గద సార్, చాలదా?" అంటాడు ముజఫ్ఫర్.

మొన్న కురుమయ్య భార్య మారెమ్మే దుకాణానికి వెళ్లింది. "మా ఆయన వద్దన్న కాయిళ్లల్ల ఏదో ఒకటియ్యి తమ్మీ. సొంత కారుండి బస్సుల వచ్చిందని దేవరకొండల మా వదినె నవ్వుతాంది," అంది. ఆమె తెచ్చిన కాయిల్‌ను ఓ మెకానిక్ ఇంటికొచ్చి కారుకు బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, సంచి సర్దుకొని వెళ్లిపోయాడు. వాకిలి నిండా జనం. మారెమ్మ కొత్త చీర కట్టుకొని వెనక సీట్లో కూర్చుంది. కురుమయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ తడిమి, వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

"గిక్కడ కూసుంటే బండెవలు నడుపుతరు?"

"నడుపుడు నేర్చుకునేదాంక కాయిల్ దొరకద్దనుకున్ననే," అన్నాడు మెల్లగా.