పదమూడు కుర్చీల లెక్క

మా చెరకు రైతుల సంఘం పాలకవర్గంలో పదమూడు మంది డైరెక్టర్లు ఉండాలి. నేను ఆ సంఘంలో గుమస్తాగా పనిచేసేదాన్ని. పెళ్లయి ఆ ఊరికి వచ్చిన కొత్తలో చేరాను. బోధన్ నుంచి బస్సులో అరగంట. రోడ్డు పక్కన రెండు గదులే మా ఆఫీసు. మీటింగులకు నోటీసులు పంపడం, ఎవరెవరు వచ్చారో రాసుకోవడం, తీర్మానాలు పుస్తకంలోకి ఎక్కించడం నా పని.

చెరకు సీజన్‌లో ఆ గదుల్లో నిలబడడానికి చోటు ఉండేది కాదు. ఎవరి తోట ఎప్పుడు నరకాలో చక్కెర ఫ్యాక్టరీ నుంచి చీటీలు వచ్చేవి. వాటిని సంఘమే పంచేది. డైరెక్టర్లందరూ ఒక్కసారే మాట్లాడేవాళ్లు. వాళ్ల తెలుగులో సగం ఉర్దూ. నరకడానికి వచ్చిన కూలీల మేస్త్రీ గుమ్మంలో నిలబడి మరాఠీలో అరిచేవాడు. ఎవరేమన్నారో అందుకోలేక నేను కలం పక్కన పెట్టి నవ్వుతూ కూర్చునేదాన్ని. ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీస్తే కాగుతున్న పాకం వాసన గదంతా కమ్ముకునేది. ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. బస్టాండు దగ్గర చెరకు రసం బండి కనబడితే చాలు, తాగినా తాగకపోయినా కాసేపు అక్కడ నిలబడతాను.

కొన్నేళ్లకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. రైతులు వరికి మళ్లారు. పంచడానికి చీటీలు లేవు, పోట్లాడుకోవడానికి విషయం లేదు. డైరెక్టర్లలో ఇద్దరు చనిపోయారు. ఒకాయన రాజీనామా ఇచ్చి కొడుకు దుకాణం చూసుకోవడానికి ఆర్మూరు వెళ్లిపోయాడు. పదిమంది మిగిలారు.

ఒక వానాకాలం ఊళ్లో అంగన్‌వాడీ పైకప్పు కురవడం మొదలైంది. పిల్లలను పక్కింటి వసారాలో కూర్చోబెడుతున్నారు. మా అధ్యక్షుడు డెబ్బై దాటిన మనిషి. ఒకరోజు ఆ వసారా ముందు నుంచి నడిచి వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

“బిడ్డా, మన రెండు గదులు గా పిల్లలకిద్దాం. మనం గిప్పుడు చేసేదేముంది? మీటింగ్ పెట్టు.”

నోటీసులు పంపాను. ఆరుగురు వచ్చారు. మిగిలిన నలుగురిలో ఒకాయన మంచం మీద ఉన్నాడు, ఒకాయన పూణెలో కూతురింట్లో, ఇంకొకాయన గల్ఫ్‌లో కొడుకు దగ్గర. నాలుగో ఆయన ఏళ్లుగా రావడం మానేశాడు.

నియమావళిలో కోరం గురించి ఒకటే వాక్యం ఉంది. పాలకవర్గంలో సగానికి మించి హాజరైతేనే మీటింగు చెల్లుతుంది. దేనిలో సగం? పదమూడులో సగానికి మించి అంటే ఏడుగురు కావాలి. పదిలో అయితే ఆరుగురు చాలు.

“సచ్చిపోయినోళ్లు వచ్చి చెయ్యెత్తుతరా?” అన్నాడు అధ్యక్షుడు. “ఉన్నది పది మందిమి. ఆరుగురం వచ్చినం. రాయి, అయిపోతది.”

నాకు చెయ్యి రాలేదు. “రేపు ఎవరన్నా మీటింగే చెల్లదంటే పిల్లలు మళ్ల వసారాలకే పోవాలె బాపు. ఒక్కసారి అడిగొస్త,” అన్నాను. ఆయన విసుక్కున్నాడు కానీ కాదనలేదు.

మర్నాడు నియమావళి సంచిలో పెట్టుకుని నిజామాబాద్‌లో సహకార శాఖ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి మేడం వయసులో నాకంటే చిన్నది. పుస్తకం చివరి పేజీదాకా చదివి, నేనెప్పుడూ చూడని ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

“చూడక్కా, పాలకవర్గం అంటే పదమూడు మంది అని ఇందులనే రాసి ఉన్నది. ఇప్పుడున్నోళ్లు అని యాడా లేదు. సీటు ఖాళీ అయినా లెక్కల నుంచి పోదు. మీకు ఏడుగురు కావాలె.”

“ఖాళీలు నింపుకుంటే?”

“నింపాలన్నా ముందుగాల కోరం ఉన్న మీటింగే పెట్టాలె.”

బస్సులో వస్తూ ఆలోచించాను. తేగలిగితే నాలుగో ఆయననే తేవాలి. ఆయనా అధ్యక్షుడూ ఒకప్పుడు పక్కపక్క పొలాల వాళ్లు, ఒకే బండిలో చెరకు తోలినవాళ్లు. ఒక ఏడాది నరికే వంతు దగ్గర అధ్యక్షుడు ఈయన తోటను వెనక్కి నెట్టాడు. నిలబడ్డ చెరకు పూతకొచ్చి ఎండిపోయింది. ఆ రోజు నుంచి ఈయన ఆఫీసు గడప తొక్కలేదు.

నోటీసుతో పాటు తీర్మానాల పుస్తకం కూడా పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. వాకిట్లో పసుపు కొమ్ములు ఏరుతున్నాడు. నోటీసు చూసి పక్కన పెట్టాడు.

“నాకెందుకిస్తున్నవ్? మూడు మీటింగులు రాకుంటే సీటు పోతది. నన్నెప్పుడో తీసేసి ఉంటరు.”

“లేదు బాపు. నువ్వు డైరెక్టర్‌వే.”

పుస్తకం తెరిచి చూపించాను. ప్రతి మీటింగులో, హాజరు పట్టీ కింద, నా చేతిరాతతోనే ఒక వాక్యం ఉంది. ఆయన పేరు రాసి, ‘సభ్యుడికి సెలవు మంజూరు చేయడమైనది’ అని. ఆయన కళ్లజోడు తెప్పించుకుని పేజీ వెనక పేజీ తిప్పాడు. చేతుల పసుపు కాగితాలకు అంటింది.

“గిది ఎవరు రాయమన్నరు?”

“అధ్యక్షుడే. ప్రతిసారి ముందుగాల గదే రాయమంటడు. సీటు పోవద్దంటడు.”

ఆయన పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టాడు. “ఎన్ని గంటలకు?” అని మాత్రం అడిగాడు.

మీటింగు రోజు ఆయన అందరికంటే ముందే వచ్చాడు. అధ్యక్షుడు లోపలికి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. నాకు ఏం చేయాలో తోచక హాజరు పట్టీ ముందుకు జరిపాను. ముందే వచ్చి కూర్చున్న ఆయన దానిమీద సంతకం పెట్టాడు. మాకు తక్కువైన ఏడో సంతకం అదే.

“వచ్చినవా,” అన్నాడు అధ్యక్షుడు. “గా ఏడాది నాది తప్పయింది రా. ఇంటికొచ్చి చెప్పనీకి మొఖం చెల్లలే.”

“నువ్వు రాకపోతివి. నేనన్నా రాకపోతి,” అన్నాడు ఈయన. “సర్లే, కూసో. పిల్లల పని సూద్దాం.”

తీర్మానం రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చదివి వినిపించాను. ఏడు చేతులూ లేచాయి. ఆ తర్వాత రెండు గంటలు ఎవరూ లేవలేదు. ఏ ఏడాది ఎవరి తోట ఎంత ఎత్తు పెరిగిందో, ఏ బండి ఏ మలుపులో బోల్తా పడిందో చెప్పుకుంటూ కూర్చున్నారు. మళ్లీ అందరూ ఒక్కసారే మాట్లాడారు. అది ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు. ఎక్కించి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

పదిహేను రోజుల్లో అంగన్‌వాడీ మా గదుల్లోకి వచ్చింది. బీరువా ఒకటి అధ్యక్షుడి ఇంటికి చేర్చాం. సంఘం ఆ తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. నేనూ పని వెతుక్కుంటూ నిజామాబాద్ వచ్చేశాను. కిందటి ఏడాది ఒక పెళ్లికని ఆ ఊరు వెళ్లినప్పుడు అధ్యక్షుడూ, ఆ నాలుగో ఆయనా రోడ్డు మీద ఎదురయ్యారు. సన్న వడ్లు వేయాలా, దొడ్డు వడ్లా అని గట్టిగా వాదించుకుంటున్నారు. నన్ను చూసి కూడా వెంటనే ఆపలేదు. నేను పక్కకు జరిగి వాళ్ల మాట ముగిసేదాకా నిలబడ్డాను.