ఒకవైపే రంగు వేసిన పడవ

మా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో రిమోట్ కారు కావాలంటే దుకాణానికి వెళ్లేవాళ్లం కాదు... ఫారిన్‌లో పాట తీయడానికి ఎవరి యూనిట్ వెళ్తుందా అని ఎదురుచూసేవాళ్లం.

మా పక్కవాటాలో ఉండే రమణ బాబాయి సినిమాల్లో లైట్ల పని చేసేవాడు. సింగపూర్ వెళ్లే ముందురోజు మా గుమ్మంలో నిలబడి, "కారు తెమ్మంటావా, పడవ తెమ్మంటావా? ఒక్కటే తెస్తాను, ఆలోచించుకుని చెప్పు" అన్నాడు.

"పడవ చెప్పమ్మా. ఈ గుట్టల మీద కారేం నడుస్తుంది?" అన్నాడు నాన్న. నాన్న సెట్లు కట్టే వడ్రంగి. ఏ వస్తువు ఎక్కడ పనికొస్తుందో ఆయనకి తెలుసు. నేను వింటేగా... కారే కావాలన్నాను.

వచ్చింది. ఎర్ర కారు... రిమోట్‌కి బయటికి లాగితే మూరెడు పొడుగుండే యాంటెన్నా. మా వీధి ఏటవాలు. పైన వదిలితే రయ్యిన కిందికి పోయేది, రిమోట్ మాట వినేది కాదు. తిరిగి ఎక్కమంటే సగంలో మొరాయించేది. చంకన పెట్టుకుని నేనే మోసుకొచ్చేదాన్ని. పదిహేను రోజులకి కంకరలో పడి ముందు చక్రాలు రెండూ ఊడిపోయాయి. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

"మోటారు బాగానే ఉందిగా. దాన్నే పడవలో పెడదాం" అన్నాడు నాన్న. చెప్పలేదా నేను అని ఒక్క మాట కూడా అనలేదు.

రోజూ షూటింగ్ నుంచి వచ్చి వరండాలో కూర్చునేవాడు. ప్లైవుడ్ ముక్కలు కోసి, చిత్రిక పట్టి, మేకులు కొట్టి... నీళ్లు దూరకుండా తారు పూశాడు. కారులోని మోటారూ తీగలూ తీసి పడవలో బిగించింది రమణ బాబాయి. చివర్లో నీలం రంగు, దాని మీద పసుపు గీత, తెల్లటి అక్షరాలతో నా పేరు. కిటికీ గట్టు మీద గోడకి ఆనించి పెడితే వీధిలో పిల్లలందరూ వచ్చి చూసి వెళ్లారు.

స్టూడియోలో ఏదో పాట కోసం చిన్న చెరువు తవ్వారు. షూటింగ్ లేని ఒక ఆదివారం పొద్దున నాన్న మేనేజరుని అడిగి నన్ను తీసుకెళ్లాడు. బోరబండ నుంచి వచ్చే నా క్లాసు నేస్తం లలిత కూడా వచ్చింది. సెట్ పనివాళ్లు పదిమంది దాకా గట్టు మీద చేరారు. "మా అమ్మాయి పడవ" అని అందరికీ చెబుతున్నాడు నాన్న.

"మీ నాయిన చేసిండా? కొన్నదానికన్నా మంచిగున్నది" అంది లలిత. నాకు ఎంత గర్వమో...

నాన్నే పడవని మోసుకొచ్చి నీళ్లలో పెట్టాడు. మీట నొక్కాను. పడవ నీళ్లని చీల్చుకుంటూ వెళ్లింది. చెరువు మధ్యకి వెళ్లాక తిప్పాను.

"గదేందే, గా దిక్కు రంగే లేదు?" అంది లలిత.

నిజమే. అటువైపు ఉత్త ప్లైవుడ్. తారు లేదు, పుట్టీ లేదు... అతుకుల మధ్య సందులు కనిపిస్తున్నాయి. నేను చూస్తుండగానే పడవ అటువైపుకి ఒరిగి, నీళ్లు తాగి, మునిగిపోయింది. నేను ఇంకా మీట నొక్కుతూనే ఉన్నాను.

అప్పుడన్నాను ఆ మాట. అందరూ వింటుండగా.

"నువ్వు చేసేవన్నీ ఇంతే నాన్నా... అన్నీ ఉత్తుత్తివే."

నాన్న ప్యాంటు కూడా మడవకుండా నడుములోతు నీళ్లలోకి దిగి పడవ తీసుకొచ్చాడు. గట్టు మీద కూర్చుని దాన్ని తిప్పి చూసుకున్నాడు.

"అలవాటైపోయిందమ్మా. కెమెరా వైపు అయిపోగానే చెయ్యి ఆగిపోయింది" అన్నాడు మెల్లగా.

రాజమహళ్లు, కోవెలలు, జమీందారు లోగిళ్లు... ఎన్ని కట్టాడో నాన్న. ముందునుంచి చూస్తే నిగనిగలాడే టేకు తలుపులు. వెనక్కి వెళ్తే సరుగుడు కర్రలూ గోనెపట్టాలూ. కెమెరాకి కనపడనిచోట రంగు పూస్తే మేస్త్రీ ఊరుకోడు. అది పనిలో లోపం కాదు... పనంటేనే అది. తొమ్మిదేళ్ల నాకు అది తెలియదు.

మోటారు మళ్లీ తిరగలేదు. రమణ బాబాయి విప్పి రెండురోజులు ఎండలో పెట్టినా లాభం లేకపోయింది. ఆ వారమే నాన్న రెండోవైపు కూడా తారు పూసి, నీలం రంగు వేసి, అటూ నా పేరు రాశాడు. కదలని పడవకి... నేను దాన్ని ముట్టుకోలేదు. ఎంత మొండిదాన్నో.

మొన్న ఆదివారం మా పాప రిమోట్ పడవ కావాలంటే జూబ్లీహిల్స్‌లో ఒక దుకాణానికి వెళ్లాం. నాన్న కూడా వచ్చాడు. ఆయనకి డెబ్బై దాటాయి. దారిలో ఒక స్టూడియో చూపించి, "ఇప్పుడు ఆ ఒక్కవైపు కూడా అక్కర్లేదట. పచ్చగుడ్డ కడితే చాలట, మిగతాదంతా కంప్యూటర్లో వేసేస్తారట" అన్నాడు నవ్వుతూ.

దుకాణం నిండా కార్లు, పడవలు. అక్కడి అబ్బాయి బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, ఎంతదూరం పోతుందో, తిరగబడితే దానంతటదే ఎలా లేస్తుందో చెబుతున్నాడు. నాన్న అవేవీ వినడం లేదు. ఒక్కో పడవనీ తీసి అటువైపు తిప్పి, అతుకుల మీద గోటితో గీసి చూస్తున్నాడు.

"వాటర్‌ప్రూఫే అంకుల్, ఫికర్ చేయకండి" అన్నాడు ఆ అబ్బాయి.

"అవునయ్యా. అయినా ఒకసారి చూస్తాను" అన్నాడు నాన్న. ఇంకో పడవ తీశాడు.

ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేకపోయినది అక్కడే, బిల్లు కౌంటరు దగ్గరే చెప్పేశాను. "నాన్నా... ఆ రోజు చెరువు దగ్గర నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"ఏ రోజమ్మా?" అన్నాడు నాన్న, పడవ మీంచి చూపు తిప్పకుండా.

నిజంగానే మరిచిపోయాడో, మరిచిపోయినట్టు నటించాడో... అన్నేళ్లు సినిమావాళ్ల మధ్య బతికిన మనిషి కదా, చూసి కనిపెట్టలేకపోయాను.

ఇప్పుడు ఏ బొమ్మైనా అన్నివైపులా రంగుతో పెట్టెలో సిద్ధంగా వస్తోంది... పదిరోజులు వరండాలో కూర్చుని చేసిపెట్టే మనిషి అక్కర్లేదు. మీకూ ఇంట్లోవాళ్లు చేతులతో చేసిచ్చిన బొమ్మ ఉందా? దాని గురించి ఇక్కడ రాయండి. వాళ్లని అప్పుడు ఏమైనా అని ఉంటే మాత్రం... ముందు వాళ్లతో మాట్లాడి రండి.