శ్రావణం దాకా ఆగమన్న టీచరమ్మ

ఖాజాగూడలో మా పక్కింటి టీచరమ్మ పోయారని మొన్న ఆదివారం వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పొయ్యి మీద నూనె బాణలి ఉంది. దించేసి, అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ బాణలితోనే ఇవాళ నా ఇల్లు గడుస్తోంది. అదంతా ఆవిడ చలవే.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. నేను కైకలూరు నుంచి వచ్చి నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బంద్ రోజుల్లో ఆఫీసు బస్సు వచ్చేది కాదు. ఇంట్లో కూర్చుని, మా నాన్న చెరువులో పెంచి పంపిన శీలావతి చేపలు ఉడికించి, ముళ్ళు తీసి, బియ్యప్పిండిలో కలిపి జంతికలు వేసేదాన్ని. పిల్లలకు బలమైన చిరుతిండి అవుతుందని, ఉద్యోగం మానేసి అదే వ్యాపారంగా పెట్టుకోవాలని నా ఆశ.

మృగశిర కార్తె రోజున ఆఫీసుకు పట్టుకెళ్తే ఎగబడి కొన్నారు. ఇంకేముంది, రాజీనామాకు సిద్ధమైపోయాను. టీచరమ్మ ప్రహరీగోడ మీద మోచేతులు ఆనించి అంతా విన్నారు.

“మిరుగం నాడు చేప తిననోళ్ళు ఎవరున్నరు బిడ్డా? గది చూసి నౌకరి ఇడుస్తవా? శ్రావణం రానీ, జర ఆగు.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. తీరా శ్రావణం వచ్చేసరికి ఆఫీసులో అందరూ నీచు వద్దంటూ దణ్ణం పెట్టేశారు. చేసినవన్నీ డబ్బాల్లోనే మెత్తబడ్డాయి.

అప్పుడు ఆవిడే వచ్చారు. “మాకు శ్రావణం లేదు గద, ఇటియ్యి” అని తాజాగా వేసినవి చర్చికి తీసుకెళ్ళారు. పొగడ్తలు మోసుకొస్తారనుకున్నాను.

“పెద్దోళ్ళు మంచిగున్నయన్నరు. పిల్లలు ముట్టలే. వాసనొస్తున్నదట” అన్నారు.

ముఖం మాడ్చుకున్నాను. “మొదటిసారి మొహం చూసి కొంటరు బిడ్డా. రెండోసారే రుచి చూసి కొంటరు” అంటూ లోపలికొచ్చి కొంగు దోపుకున్నారు. చేపను మజ్జిగలో నానబెట్టి కడిగాం, వాము పెంచాం, వాసన పోయేదాకా మళ్ళీ మళ్ళీ వేశాం. బడి నుంచి అలసిపోయి వచ్చి కూడా నా పక్కన నిలబడేవారు. అంత ఓపిక మా అమ్మకు కూడా లేదు.

“ఆంధ్రావాళ్ళ సరుకు ఇక్కడ ఎవరు కొంటారండీ?” అని ఒకసారి నా భయం బయటపెట్టాను. “ఫికర్ చెయ్యకు” అన్నారంతే.

ఉద్యమంలో భాగంగా రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు పొయ్యిలు వెలిగించిన ఆడవాళ్ళలో ఆవిడే ముందున్నారు. నన్ను కూడా లాక్కెళ్ళారు. నేను దూరంగా, బెరుగ్గా నిలబడ్డాను. ఆవిడ అందరి చేతుల్లో జంతికలు పెడుతుంటే ఒకామె అడిగింది, “ఎక్కడియి టీచరమ్మా?”

“చేప కైకలూరుది. చేసిన చెయ్యి మా పక్కింటిది. తిని చెప్పు.”

“అంటే ఆంధ్రోళ్ళయా?”

“అవ్. మన రాష్ట్రం మనకు కావాలె. మంచి తిండి ఎవలు చేసినా తినాలె.”

ఆమె నమిలి, మళ్ళీ చెయ్యి చాపింది. టీచరమ్మ ఖాళీ డబ్బా బోర్లించి చూపించారు. “ఉత్తగ తినుడు అయిపోయింది. ఇంక కావాలంటే గా బిడ్డనడిగి కొనుక్కో.”

పొయ్యిల పొగలోంచి ఆమె, ఆమె వెనక మరికొందరు, నా వైపే నడిచి వస్తున్నారు. టీచరమ్మ మాత్రం ఇటు చూడలేదు. గిన్నె మీద వంగి, అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తున్నారు.