ఏడేళ్ళ తాళం వేసిన ఫొటోలు

దయ్యాలంటే నాకెప్పుడూ భయం లేదు. పాపకి ఒళ్ళు వెచ్చబడితే భయం, పాలు కక్కితే భయం, కక్కకపోతే ఎందుకు కక్కలేదా అని భయం. ఇన్ని భయాల మధ్య దయ్యాలకి చోటు మిగల్లేదు. పైగా కంప్యూటర్ సైన్స్ చదివినదాన్ని. సిస్టమ్‌లో రికార్డు కానిది ఏదీ జరగలేదనే నమ్మకంతోనే ఇన్నాళ్ళూ ఉద్యోగం చేశాను. అందుకే ఈ సంగతి ఇంతవరకు మా వారికి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆయన విని, నిద్ర సరిపోవడం లేదేమో అన్నారు. అదీ నిజమే గానీ, ఇది అందువల్ల జరిగింది కాదు.

నేను గుంటూరు దగ్గర ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో డేటా పని చూస్తాను. వాళ్ళకి మూడు కోల్డ్ స్టోరేజీలున్నాయి. రైతు సరుకు దిగినప్పుడు ప్రతి లాటుకీ ఫొటోలు, తేమ కాగితం, ల్యాబ్ రిపోర్టు ఉంటాయి. నేను చేరే నాటికి ఇవన్నీ నాలుగు కంప్యూటర్లలో, ఒక గుమాస్తా గారి మొలతాడుకి కట్టిన పెన్‌డ్రైవులో ఉండేవి. వాటన్నిటినీ ఇంటర్నెట్‌లో అద్దెకి తీసుకున్న ఆబ్జెక్ట్ స్టోరేజీలోకి మార్చింది నేనే.

అందులో ఫోల్డర్లో ఫోల్డరు, దాంట్లో ఇంకో ఫోల్డరు అంటూ ఉండవు. ఒకటే పెద్ద గది, దాన్ని బకెట్ అంటారు. ఫైలు ఉన్నదున్నట్టుగా లోపల పెట్టి, దానికో పేరిచ్చి, ఎవరు పెట్టారో, ఏ రకమో, ఎప్పటిదో చెప్పే చీటీ అంటిస్తాం. పేరు చెబితే బయటికొస్తుంది. లోపల ఉన్నదాన్ని కాస్త విప్పి దిద్దడం కుదరదు. మార్చాలంటే మొత్తం మళ్ళీ పెట్టాల్సిందే.

గోడౌన్ సూపర్‌వైజర్లకి ఇది నేర్పడానికి రెండు రోజుల శిక్షణ అనుకున్నాను. ఖాసిం గారు రెండు నిమిషాల్లో లేచి నిలబడ్డారు. "ఇది మన కోల్డ్ స్టోరేజీయే కదమ్మా. టిక్కీ లోపల పెడతాం, మార్కా వేస్తాం, చీటీ చూపిస్తే తీసిస్తాం. దీనికి ఏసీ రూములో కూర్చోబెట్టడం దేనికి?"

టిక్కీ అంటే మిర్చి బస్తా. ఖాసిం గారిది ముప్ఫై ఏళ్ళ సర్వీసు. మిరపకాయని గుప్పిట్లో నలిపి, చెవి దగ్గర పెట్టుకుని తేమ ఎంతో చెప్పేవారు. తర్వాత మిషను కూడా అదే చెప్పేది. ఆయనతో నాకున్న తగాదా ఒక్కటే, ఫైలు పేర్లు. లాటు నంబరు, తేదీ మాత్రమే రాయాలని నేను రూలు పెట్టాను. ఆయన ఫోనులోంచి మాత్రం ఇలా వచ్చేవి: 'ప్రత్తిపాడు కోటయ్య గారి ఎర్ర ట్రాక్టరు. నలభై టిక్కీలు. తేజ. మొదటి రకం. తడి లేదు. ఖాసిం.' నంబరు రాయండి మహాప్రభో అంటే, నంబరు చూస్తే ఎవరి సరుకో ఎట్టా తెలుస్తుందమ్మా అనేవారు. ఏ సరుకైనా సరే, చివర 'తడి లేదు, ఖాసిం' ఉండాల్సిందే.

నేను కాన్పుకి సెలవు పెట్టిన రోజు గేటు దాకా వచ్చి, తేజ మిరపకాయల పొట్లం చేతిలో పెట్టారు. "పాపో బాబో, ఫొటో పంపండి శిరీషమ్మా. మార్కా వేసి లోపల పెడతా" అన్నారు.

పాప పుట్టిన నెలకి, ఆయనకి పంపుదామనే ఒక ఫొటో తీశాను. పసుప్పచ్చ దుప్పట్లో, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ మొహంతో ఉంది. ఇవాళ పంపుదాం, రేపు పంపుదాం అనుకుంటూ పది రోజులు గడిపాను. ఆయన గుండెపోటుతో పోయారని ఆఫీసు గ్రూపులో చూశాను. పసిగుడ్డుతో చావింటికి వెళ్ళకూడదన్నారు ఇంట్లో. వెళ్ళలేదు. ఆయన లాగిన్ మూసెయ్యమని మెయిల్ వస్తే, ఒళ్ళో పాపని పెట్టుకుని మూసేశాను. ఆయన కోసం నేను చేసిన ఆఖరి పని అదే.

సెలవు అయ్యాక తాడేపల్లిలో మా ఇంటి నుంచే పని చేసుకోనిచ్చారు చిన్నబాబు గారు. ఆయన మా యజమాని గారబ్బాయి, ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. పాపకి ఏడాది నిండేదాకా అని మాట. ఒక్క పొరపాటు జరిగినా గుంటూరు రావాల్సిందేనని కూడా మాట. మా పాపకి ఎనిమిదో నెల. సీసా నోట్లో పెడితే నా మొహం మీదే ఊస్తుంది. నేను పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తే అంతసేపూ అది ఏం తాగుతుంది? నాకున్న ఉద్యోగ భయమంతా ఇదే.

ఇక పొరపాటు సంగతి. సరుకు ఫొటోలు పంపే యాప్‌ని పరీక్షించడానికి, సెలవుకి ముందు నా ఫోనులో కూడా వేసుకున్నాను. కెమెరాతో ఏది తీసినా అది తనంతట తనే బకెట్‌లోకి వెళ్ళిపోతుంది. సూపర్‌వైజర్లు మర్చిపోకుండా ఉండాలని ఆ ఏర్పాటు చేసింది నేనే. తర్వాత దాన్ని తీసెయ్యడం మర్చిపోయిందీ నేనే.

పిల్లల డాక్టరు గారు ఒకసారి, విరేచనం రంగు తేడాగా ఉంటే ఫొటో తీసుకురమ్మన్నారు. తేడా ఏమిటో నాకు తెలియదు కాబట్టి అన్నీ తీశాను. తీసిన డైపర్ల ఫొటోలు, తొడల మీద దద్దుర్లు, నాలుక మీద తెల్ల పూత, ఊపిరి తీస్తోందా లేదా అని తీసిన పొట్ట ఫొటోలు. అన్నీ కలిపి మూడు వందల పన్నెండు.

విదేశాల నుంచి కొనేవాళ్ళ తరఫున తనిఖీ అధికారి గురువారం పదిన్నరకి వీడియో కాల్‌లో వస్తారని తెలిసి, మంగళవారం సాయంత్రం బకెట్ సర్దుతుంటే కనపడ్డాయి. మా యాప్ ఫొటోలో రంగు చూసి సరుకు రకం కూడా రాస్తుంది. డైపర్లన్నిటికీ 'తాలు' అని రాసింది. తాలంటే రంగు పోయిన నాసిరకం కాయ. ఒకదానికి మాత్రం రెండో రకం ఇచ్చింది. అది బీట్‌రూట్ తినిపించిన రోజు.

తుడిచేద్దామంటే తాళం ఉంది. ఒకసారి పెట్టిన రికార్డు ఎవరూ మార్చలేదని కొనేవాళ్ళకి నమ్మకం కావాలి కాబట్టి ఆ బకెట్‌కి ఏడేళ్ళ తాళం వేశాం. యజమాని కూడా తియ్యలేని తాళం. వేసేటప్పుడు నిజంగానేనా అని అది మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ గర్వంగా అవునన్నది నేనే. మంచి ఫైళ్ళు మాత్రం కొత్త బకెట్‌లోకి మారుద్దామంటే అన్నిటికీ ఆ రోజు తేదీ పడుతుంది. అధికారి మొదట అడిగేది దాని గురించే. స్టోరేజీ కంపెనీ హెల్ప్‌డెస్క్‌కి రాశాను. తాళం గడువు తీరేదాకా తొలగించడం అసాధ్యమని, మా సేవల పట్ల మీ అభిప్రాయం తెలపమని జవాబొచ్చింది.

కంపెనీ స్టోరేజీలో సొంత ఫైళ్ళు పెట్టరాదని మా ఆఫీసులో ఒక నిబంధన ఉంది. రాసింది ఎవరో చెప్పక్కర్లేదు.

గురువారం పొద్దున ఎనిమిదింబావుకి మళ్ళీ లెక్కచూశాను. మూడు వందల పన్నెండు. స్క్రీన్ షాట్ కూడా తీశాను, ఇప్పటికీ ఉంది. నా మొహం చూసి మా అత్తయ్య ఏమైందని అడిగారు. చెప్పాను. సాంకేతికం జోలికి పోకుండా, పాప ఫొటోలు ఆఫీసులో పడ్డాయి, తియ్యడం రావట్లేదన్నాను.

"అన్ని ఫొటోలు తీస్తే దిష్టి తగలదూ? ఆ లాప్‌టాప్ ఇటు పెట్టు" అన్నారు.

నేను వద్దనలేదు. వద్దనడానికి నా దగ్గర వేరే ఉపాయం ఉంటే కదా. పాపని ఒళ్ళో, లాప్‌టాప్ పక్కన పెట్టుకుని తూర్పు వైపు తిరిగి కూర్చున్నాను. ఇంట్లో ఎండుమిర్చి నిండుకుందని అత్తయ్య అలమరలో వెతికి ఒక పొట్లం తీశారు. ఖాసిం గారిచ్చిన పొట్లం. అందులోంచి ఏడు కాయలు, గుప్పెడు ఉప్పు తీసి, మా ఇద్దరికీ మూడుసార్లు, లాప్‌టాప్‌కి మూడుసార్లు తిప్పి తీసుకెళ్ళి బొగ్గుల మీద వేశారు.

తేజ కాయ గురించి తెలియనివాళ్ళకి చెప్పాలి. ఒక్క కాయ మాడితే పక్క వాటా వాళ్ళు కూడా దగ్గుతూ బయటికొస్తారు. నేను పాప ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని వంటింటి తలుపేసి కూర్చున్నాను. ఏమీ రాలేదు. తుమ్ము లేదు, దగ్గు లేదు. వెళ్ళి చూస్తే కాయలు నల్లగా బొగ్గయ్యాయి. పొయ్యి దగ్గర నిలబడితే అగరొత్తి పొగంత ఘాటు కూడా లేదు. అంత దిష్టి ఉంది మరి, అందుకే ఘాటు రాలేదన్నారు అత్తయ్య. కాయలు పాతవైపోయాయన్నాను నేను. ఆ మధ్యాహ్నం అదే పొట్లంలోంచి ఒక కాయ పప్పు పోపులో వేస్తే ఇంట్లో ఎవరం నిలబడలేకపోయాం. ఇది కూడా రాసిపెడుతున్నాను.

పాపకి పాలిచ్చి, పదీ ఇరవైకి లాప్‌టాప్ తెరిచాను. నా పరీక్ష లాగిన్ కింద ఉన్న ఫైళ్ళు: ఒకటి.

రిఫ్రెష్ చేశాను. ఒకటి. మిగతా మూడు వందల పదకొండు లేవు. అదేమిటో తెరిచి చూసేలోపే పదిన్నరైంది, కాల్ మోగింది.

తనిఖీకి వచ్చినావిడ తెలుగావిడే, విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నారు. చిన్నబాబు గారు కూడా కాల్‌లో ఉన్నారు. ఆవిడ వేల ఫైళ్ళ లిస్టు పైకీ కిందకీ జరిపి, అక్కడొకటి ఇక్కడొకటి ఎంచుకుని తెరవమంటున్నారు. మొదటి ఎనిమిదీ సజావుగా తెరుచుకున్నాయి. తొమ్మిదోది ఆవిడ ఎంచుకున్నప్పుడు పేరు చూశాను. నంబరు కాదు.

తెరిచాను. పసుప్పచ్చ దుప్పట్లో మా పాప. ఎర్రటి మొహం, నోరంతా తెరిచి ఏడుపు. నేను ఖాసిం గారికి పంపని ఫొటో.

పైన ఫైలు పేరు ఇలా ఉంది: 'శిరీషమ్మ గారి పాప. ఒక టిక్కీ. తేజ. మొదటి రకం. తడి లేదు. ఖాసిం.'

చిన్నబాబు గారి కెమెరా ఆగిపోయింది. తనిఖీ ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు.

"తడి లేదని రాశారు. చెక్ చేశారా అండీ?" అన్నారు.

నా ఒళ్ళోంచి పాప అప్పుడే స్క్రీన్ వైపు చెయ్యి చాపింది. ఆవిడ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. తనకీ ఇద్దరున్నారని, ఇది సరుకు కాదని రిపోర్టులో రాస్తానని, మిగతా రికార్డులన్నీ శుభ్రంగా ఉన్నాయని చెప్పి కాల్ ముగించారు.

వెంటనే చిన్నబాబు గారి ఫోను. గుంటూరు రమ్మంటారని సిద్ధపడ్డాను. ఖాసిం లాగిన్ నేను వాడానా అని అడిగారు. లేదు, ఆయన చనిపోయిన వారంలోనే దాన్ని మూసేశానన్నాను. అప్పుడన్నారు: "నా చిన్నప్పుడు నన్ను కూడా కాటా మీద కూర్చోబెట్టి ఇట్టాగే రాశాడమ్మా, గోడ మీద సుద్దతో. ఉండనీండి దాన్ని." ఇంటి నుంచి పని మాట ఎత్తలేదు. పాపకి ఏడాది నిండేదాకా అన్న మాట అలాగే ఉంది.

తర్వాత నేను చూడనిది లేదు. తుడిచినట్టు రికార్డు లేదు. తాళం అలాగే ఉంది. ఆ ఒక్క ఫొటో నా లాగిన్ కిందే ఉన్నా, చీటీ మీద మాత్రం పెట్టినవారు ఖాసిం అని, పెట్టింది గురువారం తొమ్మిదీ పదికి అని ఉంది. బొగ్గుల మీద మిరపకాయలు మాడుతున్న సమయం అదే. ఖాసిం గారి భార్యకి ఫోన్ చేశాను. ఆయన ఫోను ఛార్జింగు లేకుండా బీరువాలో ఉందన్నారు. హెల్ప్‌డెస్క్ వాళ్ళు మీరు చెప్పిన మూడు వందల పదకొండు ఫైళ్ళూ మా దగ్గర ఎన్నడూ లేవన్నారు. నా స్క్రీన్ షాట్ పంపాను. దానికి జవాబు రాలేదు. అభిప్రాయం తెలపమని మాత్రం మళ్ళీ వచ్చింది.

అత్తయ్యకి ఇందులో వింతేమీ కనపడలేదు. నాకు మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు. యాప్ తీసేశాను. ఆ ఒక్క ఫొటో ఏడేళ్ళు అక్కడే ఉంటుంది. తియ్యడం కుదరదు, కుదిరినా తియ్యను.

ఇది రాస్తుంటే పక్కన పాప కదిలింది. అలవాటు ప్రకారం కంగారుగా డైపర్‌లో చెయ్యి పెట్టి చూశాను.

తడి లేదు.