బర్రెల కైలాసం ఎంట్రెన్స్ పరీక్ష

బహదూర్‌పురా బర్రెల కైలాసానికి ఒకటే పిచ్చి. పరీక్ష పెట్టనిదే ఎవరికీ గది అద్దెకివ్వడు. ఉద్యోగం అడగడు, కులం అడగడు. కొట్టం ముందు నులక మంచం మీద తాను కూర్చుని, ఎదురుగా స్టూలు వేసి, వచ్చినవాళ్లను ఐదు ప్రశ్నలు అడుగుతాడు. ఐదూ చెప్తే తాళంచెవి చేతికొస్తుంది. ఒక్కటి తప్పినా మీసం తిప్పి "ఫెయిల్" అంటాడు.

"బయటి నుంచి వచ్చేటోళ్లు మన పద్ధతి ఒప్పుకోవాల్నా వద్దా? సర్కారే పరీక్ష పెట్టాలె. సర్కారుకు పుర్సత్ లేదు, నాకున్నది," అనేది ఆయన వాదన. బయట అంటే ఏదో అడక్కూడదు. కైలాసం లెక్కలో మూసీ అవతలంతా పరదేశమే. అమీర్‌పేట నుంచి వచ్చిన కొత్త జంటను సైతం "మా దేశంల ఎన్ని దినాలుంటరు?" అని అడిగిన మనిషి.

ఆ స్టూలు ఎంత గట్టిదో వేణుగోపాల్‌నే అడగాలి. పదకొండేళ్ల కింద తల్లి పోయాక సిరిసిల్ల నుంచి ఒంటరిగా వచ్చి, అఫ్జల్‌గంజ్‌లో జిరాక్స్ షాపు పెట్టుకున్నవాడు. "ఐదు నిమిషాల్ల వస్తున్న అంటే ఎంతసేపు ఆగాలె?" అన్న ప్రశ్నకు "ఐదు నిమిషాలు" అని చెప్పాడు పాపం. అక్కడే మునిగాడు. కైలాసం భార్య యశోదమ్మ సిఫారసు చేయబట్టి, సప్లిమెంటరీ కింద మేడ మీద గది దొరికింది. షరతు ఒక్కటే, రోజూ సాయంత్రం కోచింగ్‌కు రావాలి. కోచింగంటే ముందర కంచం పెట్టి, తింటున్నంతసేపూ పాఠం చెప్పడం. ఏటా కొత్త ప్రశ్నలు, ఏటా ఫెయిల్. ఇంత అధ్వాన్నపు విద్యార్థి ఆ కొట్టం చరిత్రలో లేడు.

"మీ తాత రెండు బర్రెలతోని మహారాష్ట్ర నుంచి ఈడికి వచ్చిండు గద బాపూ. ఆయనకెవరు పెట్టిన్రు పరీక్ష?" అని ఓసారి ఉక్రోషం ఆపుకోలేక అడిగాడు.

"బార్కస్ బస్తీల ఉండే అరబ్బు సాబ్ పెట్టిండు. మా తాత ఫెయిలయిండు. గందుకే ఈడ ఉండిపోయిండు," అన్నాడు కైలాసం, ఇంకో గరిటె పప్పు వడ్డిస్తూ. ముసలాయనకు మతి తప్పుతోందని వేణుగోపాల్ జాలిపడ్డాడు.

ఇలా ఉండగా ఒకరోజు షాపుకు హోదన్ వచ్చింది. సోమాలియా నుంచి వచ్చి ఫార్మసీ చదువుతున్న పిల్ల. మోకాలి ఆపరేషన్ కోసం తల్లిని కూడా తెచ్చుకుంది. లాడ్జివాళ్లు శనివారానికల్లా ఖాళీ చేయమన్నారు. పరదేశీయుల ఫారం మీద ఇంటి ఓనరు సంతకం కావాలి. పన్నెండు ఇళ్లు తిరిగితే పన్నెండు తలుపులూ మూసుకున్నాయి. "భాయ్, కోయీ ఘర్ హై?" అని, ఎక్కడైనా ఇల్లుందేమోనని వేణుగోపాల్‌ను అడిగింది.

వేణుగోపాల్ గుండె కరిగి, చేయకూడని పని చేశాడు. పేపర్ లీక్ చేశాడు. అద్దెకొచ్చేవాళ్ల ప్రశ్నలన్నీ టైపు కొట్టేది తనే కాబట్టి జవాబులతో సహా రెండు రోజులు దగ్గర కూర్చుని బట్టీ పట్టించాడు.

శనివారం పొద్దున్నే హోదన్ స్టూలెక్కింది. చేతికర్ర పట్టుకుని తల్లి గోడవార కూర్చుంది.

"పక్కింటోళ్లు గిన్నెల ఏమన్న పంపితే?"

"ఖాళీ గిన్నె వాపస్ ఇయ్యొద్దు."

"బోనాల డప్పు పోతున్నప్పుడు మసీదుల అజా ఇనవడితే?"

"డప్పు ఆగుతది. అజా అయిపోంగనే డబుల్ కొడ్తది."

"సదర్ పండుగకు దున్నపోతు పూలదండలేస్కొని ఎదురొస్తే?"

"దారిచ్చి సలాం కొట్టాలె."

"ఐదు నిమిషాల్ల వస్తున్న అంటే?"

"గంట. వాన పడితే రేపు."

"మా బర్రె పేరు?"

"స్వీటీ."

ఐదుకు ఐదు. కైలాసం మొహం మాడిపోయింది. వేణుగోపాల్ వైపు ఓ చూపు చూశాడు. తర్వాత ఆ పిల్లను, తల్లిని ఎగాదిగా చూశాడు. ఇద్దరూ ఎండిపోయి ఉన్నారు.

"పొద్దుగాల ఏం తిన్నరు?"

"బిస్కెట్."

కైలాసం గొంతు సవరించుకున్నాడు. "స్వీటీ అమ్మమ్మ పేరేంది?"

హోదన్ బిక్కమొహం వేసింది. కైలాసం మీసం తిప్పాడు. "ఫెయిల్."

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేణుగోపాల్‌కు ఒళ్లు మండిపోయింది. "అది సిలబస్‌ల లేదు బాపూ. లీక్ చేసింది నేను, ఎల్లగొడితే నన్ను ఎల్లగొట్టు. వాళ్లనేమనకు. అసలు నీ బర్రె అమ్మమ్మ పేరు నీకన్న ఎరుకేనా?"

"ఎరుక లేదు. నువ్వు లీక్ చేసింది ఎరుకే. ఫారం ఇటియ్యి," అని కైలాసం చెయ్యి చాపాడు. మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి, కింది గది తాళం కూడా తీశాడు.

ఫెయిలన్నాక సంతకం ఎందుకని వేణుగోపాల్ అడిగాడు. యశోదమ్మ చాటలో బియ్యం చెరగడం ఆపి తల కొట్టుకుంది.

"పదకొండేండ్ల సంది తింటున్నవ్, ఇంక తెలివి రాలే నీకు. వండిపెట్టే దిక్కున్నోళ్లు పాస్, తాళంచెవి పట్కపోతరు. దిక్కులేనోళ్లు ఫెయిల్, మా ఇంట్ల తింటరు. గా అరబ్బు సాబ్ ఈయన తాతను గిట్లనే ఉంచుకున్నడట. ఈ పిల్ల తల్లి గా మోకాలితోని పొయ్యి కాడ నిలవడతదా?"

"మరి నువ్వు నాకు సిఫారసు చేసింది..."

"నన్ను చెయ్యమన్నది ఈయనే."

పదకొండేళ్ల పప్పన్నం లెక్క వేణుగోపాల్‌కు ఒక్కసారిగా అర్థమైంది. స్టూలు తీసి లోపల పెట్టాడు.

ఇంతలో హోదన్ తల్లి తమ భాషలో ఏదో అంది. హోదన్ మొహమాటపడుతూ ఉర్దూలో చెప్పింది, అమ్మ కూడా ఒక ప్రశ్న అడుగుతుందట అని. "మీరు పాలోళ్లు కదా. పాలు పోసేముందు కుండకు ఏం చేస్తారు?"

"గదొక ప్రశ్నా? కడుగుత, ఎండకు పెడ్త."

తల్లి తల అడ్డంగా ఊపింది. వాళ్ల దగ్గర మండే కట్టెతో కుండ లోపల పొగ పెడతారట, పాలు విరిగిపోకుండా. ఆమెకు అప్పటికి వచ్చిన తెలుగు మాట ఒక్కటే. లేని మీసం తిప్పి "ఫెయిల్" అంది.

మర్నాడు సాయంత్రం వేణుగోపాల్ షాపు నుంచి వచ్చేసరికి, కైలాసం తలకు నూనె రాసుకుని కింది గది తలుపు కొడుతున్నాడు. ఒక చేతిలో ఖాళీ కుండ, ఇంకో చేతిలో నిండు పాలచెంబు.

"ఏంది బాపూ, ఈడున్నవ్?"

"కోచింగ్," అన్నాడు కైలాసం. "నువ్వు పోయి తిను. నాకు ఆలస్యమైతది, ఐదు నిమిషాల్ల వస్త."