తెల్లగుడ్డ పెద్దమ్మ ఎత్తుకోని మనవడు

ఆసుపత్రి వెనక మార్చురీలో పాతికేళ్లుగా ఆమె పని ఒకటే. పోయినవాళ్ల ఒళ్లు తుడిచి, తల దువ్వి, తెల్లగుడ్డ చుట్టడం. అందుకే వీధి మొత్తానికి ఆమె తెల్లగుడ్డ పెద్దమ్మ. ఎవరింట్లో మనిషి పోయినా పరుగున వచ్చి పిలుచుకుపోతారు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఆమె అటు రాకుంటే చాలనుకుంటారు.

సొంత మనవడు పుట్టి నెలన్నర దాటింది, ఇంకా ఎత్తుకోలేదు. చూడ్డానికి కోడలి పుట్టింటికి వెళ్తే వియ్యపురాలు గుమ్మంలోనే ఆపేసింది, ఆ చేతులతోనా అని. ఆవిడకి అల్లుడు ముద్దే, అల్లుడి తల్లే చేదు. పెద్దమ్మ ఇంటికొచ్చి ఆసుపత్రి సబ్బుతో చర్మం లేచేదాకా చేతులు తోముకుని మళ్లీ వెళ్లింది. ఆ సబ్బు వాసనకే వియ్యపురాలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కొడుకు నేలచూపులు చూశాడు.

క్రిస్మస్ ఉదయం చర్చిలో, చెప్పులు విడిచే చోటు పక్కనున్న చివరి బెంచీలో కూర్చుంది. ముందు వరసలో కోడలి భుజం మీద చిన్న ఊలు టోపీ కదులుతోంది. ఆమె కళ్లు దాన్ని వదల్లేదు. పాస్టరుగారు గొర్రెల కాపరుల సంగతి చెబుతున్నారు. మంద వాసన కొట్టేవాళ్లనీ, నలుగురూ దూరం పెట్టినవాళ్లనీ దేవుడు ముందుగా పిలిచాడట, పశువుల తొట్టెలో పడుకున్న బిడ్డను చూడమని.

"కాళ్లూ చేతులూ కడుక్కుని రమ్మనలేదమ్మా," అన్నారాయన. "రమ్మన్నాడంతే."

పెద్దమ్మకు ఒకటే అనుమానం. వెళ్లారు సరే, చూశారు సరే, ఆ తల్లి బిడ్డను ఎత్తుకోనిచ్చిందా?

అంతలో పిల్లాడు గుక్కపెట్టాడు. చలికి చుట్టిన గుడ్డ ఊడిపోయింది. కోడలు చుడితే జారింది, వియ్యపురాలు చుడితే కాళ్లు బయటికొచ్చాయి. కోడలు లేచి చివరి బెంచీ దాకా నడిచొచ్చి, బిడ్డను పెద్దమ్మ ఒడిలో పెట్టింది.

"మీకొచ్చు కదా అత్తయ్యా, చుట్టండి."

వెనకే వచ్చిన వియ్యపురాలు పళ్లు బిగపట్టి అంది, "ఆవిడకి వచ్చింది ఏ చుట్టడమో తెలుసా నీకు?"

"తెలుసమ్మా. నాన్నకి చుట్టింది ఆవిడేగా. అప్పుడు నువ్వు వద్దనలేదు."

పెద్దమ్మ కాళ్ల దగ్గర మొదలుపెట్టింది. మడతలు వాటంతటవే పడ్డాయి, ఏడుపు సద్దుమణిగింది. పాతికేళ్ల అలవాటు, చివరి చెంగుతో చెయ్యి బిడ్డ ముఖం మీదికి వెళ్లబోయి ఆగింది.

కోడలు వంగి, ఆ చెంగును గడ్డం కింద దోపింది. "ముఖం ఉండనివ్వండి. నానమ్మ ఎలా ఉంటుందో వాడూ చూడాలిగా."

వాడు చూశాడు, రెప్పవేయకుండా.

పాస్టరుగారు ప్రార్థనకు లేవమన్నారు. అందరూ లేచారు. పెద్దమ్మ మాత్రం లేవలేదు, లేస్తే బిడ్డను ఎవరైనా అందుకుంటారేమోనని.